పిల్లి నుండి మనిషికి సోకే తామర

పాడి ఉన్న ఇంట పిల్లి ఉండడం వింత కాదు. పాలు పితికే వేళకు దొడ్డి గడప దగ్గర కూర్చుని ఎదురుచూసే పిల్లి, తవుడు బస్తాల మీద పడి నిద్రపోయే పిల్లి, పిల్లలు చంకన వేసుకుని తిరిగే పిల్లికూన మన పల్లెల్లో ఏ వీధిలో చూసినా కనబడతాయి. దాణా గదిలో ఎలుకల బాధ తగ్గేది కూడా వాటివల్లనే. కనుక ఈ వ్యాసంలో మేము పిల్లి మీద ఫిర్యాదు చేయబోవడం లేదు. పిల్లి బొచ్చు ద్వారా మనిషి చర్మానికి అంటే తామర వ్యాధి గురించి సభ్యులకు తెలియజేయదలచాము. ఇది వచ్చిన ఇంట మనిషికి మందు, పిల్లికి మందు, ఇంటికి శుభ్రత అనే మూడు పనులు ఒకే కాలంలో జరగాలి. ఒక్కటి మానినా తక్కిన రెండింటికి పెట్టిన ఖర్చు బూడిదలో పోసిన పన్నీరే.

మేము వైద్యులము కాము. సంఘాల లెక్కలు, పాల రిజిస్టర్లు చూడడం మా ఉద్యోగం. అయితే ఈ వ్యాధి వల్ల వచ్చిన తగాదా ఒక సంఘం రిజిస్టరు దాకా రావడం చూశాము. అందుచేత పశువైద్యులను, చర్మవైద్యులను అడిగి, చదివి తెలుసుకున్న సంగతులను ఇక్కడ క్రోడీకరించాము.

తామర పురుగు కాదు

మన వైపు దీనిని తామర పురుగు అనేవారు ఉన్నారు. ఇంగ్లీషు పేరులో కూడా పురుగు అనే మాట ఉంది. గుండ్రంగా, అంచు ఎర్రగా ఉబ్బి, నడుమ చర్మం మామూలుగా కనబడే మచ్చను చూసి, చర్మం కింద పురుగు చుట్టలు చుట్టుకుని ఉన్నదని పూర్వులు భావించారు. పురుగేమీ లేదు. ఇది బూజు జాతికి చెందిన తెగులు. వరికి అగ్గితెగులు, వేరుశనగకు తిక్క ఆకుమచ్చ తెగులు ఏ జాతి సూక్ష్మజీవుల వల్ల వస్తున్నవో, తామర కూడా ఆ జాతి వల్లనే వస్తుంది. పైరు మీది బూజు ఆకును తింటే ఈ బూజు చర్మం పైపొర, వెంట్రుక, గోరు తింటుంది. వీటన్నింటిలో ఉండే కెరటిన్ అనే గట్టి పదార్థమే దాని ఆహారం. మచ్చ నడుమ శరీరం దానిని అణచివేస్తూ ఉంటే, అంచున అది ముందుకు పాకుతూ ఉంటుంది. ఉంగరం ఆకారం అందువల్లనే ఏర్పడుతుంది.

1843 ప్రాంతంలో పారిస్ నగరంలో డేవిడ్ గ్రూబీ అనే వైద్యుడు తలతామర ఉన్న పిల్లల వెంట్రుకలను సూక్ష్మదర్శిని కింద పెట్టి, వెంట్రుక చుట్టూ ఆవగింజల కుప్పలా పేరుకున్న బూజు గింజలను చూపించాడు. ఈ గింజలనే పాఠ్యపుస్తకాలలో సిద్ధబీజాలు అంటారు. ఈ వ్యాధి కథంతా ఈ గింజలలోనే ఉంది. విత్తనం ఎక్కడ రాలితే మొక్క అక్కడే మొలిచినట్లు, బూజు పట్టిన వెంట్రుక ఎక్కడ రాలితే వ్యాధి అక్కడ కాచుకుని ఉంటుంది. ఎండ, తడి లేని మూలలో ఇవి ఏడాదిన్నర వరకు బ్రతికి ఉండగలవు.

తామర బూజులలో అనేక రకాలు ఉన్నాయి. పిల్లుల నుండి వచ్చేదానిని మైక్రోస్పోరం కానిస్ అంటారు. లాటిన్ భాషలో కానిస్ అంటే కుక్కకు సంబంధించినది. కుక్కలకు కూడా ఇది వస్తుంది, కాని దీని అసలు నివాసం పిల్లి ఒంటిమీదనే. పేరు కుక్కది, కాపురం పిల్లి దగ్గర! దూడలకు వచ్చేది వేరు, దాని పేరు ట్రైకోఫైటాన్ వెర్రుకోసం. మనుషులలోనే ఒకరి నుండి ఒకరికి తిరిగే రకాలు ఇంకా వేరు. ఇటీవల మన దేశంలో గజ్జలలో, నడుము చుట్టూ, తొడల మీద వచ్చి ఎంతకీ తగ్గకుండా పీడించే తామర ఇటువంటిదే. అందులో ఒక మొండి రకానికి శాస్త్రజ్ఞులు 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. దానికి పిల్లితో సంబంధం లేదు. మన ప్రాంతాలలో పిల్లలకు వచ్చే తలతామర కూడా ఎక్కువగా మనిషి నుండి మనిషికి వచ్చేదే. కాబట్టి ఇంట్లో ఎవరికి తామర వచ్చినా పిల్లి మీద నింద మోపడం న్యాయం కాదు.

అయితే పిల్లిని అనుమానించవలసింది ఎప్పుడు? ఇంటికి కొత్తగా పిల్లికూన వచ్చిన రెండు మూడు వారాలలో, దానిని ఎత్తుకునే వారికి మోచేతుల మీద, మెడ మీద, బుగ్గల మీద, ఛాతీ మీద ఒకేసారి నాలుగైదు చిన్న ఎర్రటి ఉంగరాలు వస్తే అనుమానించాలి. అంటిన తరువాత మచ్చ కనబడడానికి సాధారణంగా ఒకటి రెండు వారాలు పడుతుంది. ఎక్కువగా పిల్లలకు వస్తుంది, పిల్లిని ముఖానికి హత్తుకునేది వాళ్లే గదా.

పిల్లిలో ఎలా కనబడుతుంది

ఏడాది లోపు కూనలలో ఈ వ్యాధి ఎక్కువ. చెవుల అంచులు, ముక్కు పై భాగం, కళ్ల చుట్టూ, ముందుకాళ్ల మీద బొచ్చు పలచబడి, బూడిద చల్లినట్లు పొట్టు కనబడుతుంది. కొన్నింటికి అసలు దురద ఉండదు. అన్నిటికంటె చిక్కు ఏమంటే, కొన్ని పిల్లులలో మచ్చ అనేదే కనబడదు. బొచ్చు నిగనిగలాడుతూ ఉంటుంది, కాని అందులో బూజు గింజలు ఉంటాయి. తల్లిపిల్లి చక్కగా ఉన్నది, కూనకు మాత్రమే ఉన్నదని అనుకోవడానికి వీలులేదు. పట్టణాలలో పెంచే పొడుగు బొచ్చు పర్షియన్ పిల్లులలో ఇది దాగి ఉండడం మరీ ఎక్కువ.

పశువైద్యులు దీనిని పట్టుకోవడానికి ఊదారంగు వెలుతురు ఇచ్చే వుడ్ దీపాన్ని వాడతారు. రాబర్ట్ వుడ్ అనే అమెరికన్ భౌతికశాస్త్రజ్ఞుని పేరు మీద వచ్చిన దీపం అది. చీకటి గదిలో దానిని పిల్లి మీద వేస్తే, ఈ బూజు పట్టిన వెంట్రుకలు లేత ఆకుపచ్చగా మెరుస్తాయి. మెరవనంత మాత్రాన వ్యాధి లేదని కాదు. కొత్త పళ్లు తోముకునే బ్రష్షుతో ఒళ్లంతా దువ్వి, ఆ బ్రష్షును ప్రయోగశాలకు పంపి బూజు మొలుస్తుందేమో చూడడం ఇంకా నమ్మదగిన పరీక్ష.

మనిషిలో దేనిని చూసి దేనిని అనుకుంటాము

మచ్చలన్నీ తామర కావు. గజ్జి అయితే వేళ్ల సందులలో, రాత్రిపూట దురద విపరీతంగా ఉంటుంది. అది కంటికి ఆనని పురుగు వల్ల వచ్చేది. శోభి మచ్చలు ఛాతీ మీద, వీపు మీద పాలిపోయి పొట్టు రాలుతూ ఉంటాయి. వాటికి ఎర్రటి అంచు ఉండదు. మచ్చ మీద సూదితో తాకినా, వేడి తగిలినా తెలియడం లేదంటే అది కుష్టు కావచ్చు. దానికి ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా మందులు ఇస్తారు, ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకూడదు. తామర మచ్చలో స్పర్శ పోదు.

మన పల్లెల్లో జరిగే పెద్ద పొరపాటు తల విషయంలో. పిల్లవాని తలలో రూపాయి బిళ్లంత వెంట్రుకలు పోగానే పేనుకొరుకుడు అని పేరు పెట్టి, గురివింద నూరి పట్టిస్తారు. పేనుకొరుకుడులో చర్మం నున్నగా, అద్దంలా ఉంటుంది. పొట్టు ఉండదు. తలతామరలో పొట్టు ఉంటుంది, వెంట్రుకలు మొదలంటా ఊడిపోక కోత కోసిన వరి మోళ్లలా కొద్దిగా పైకి విరిగి ఉంటాయి. ఈ ఒక్క తేడా తల్లులు గుర్తుపెట్టుకుంటే చాలు. గురివింద గింజ విషం. పిల్లలున్న ఇంట దానిని నూరి పెట్టుకోవడమే ప్రమాదం.

తలతామర ముదిరితే కొందరు పిల్లలకు ఆ చోట మెత్తగా ఉబ్బి, చీము కారుతూ గడ్డలా తయారవుతుంది. దానిని సెగగడ్డ అనుకుని కోయించకూడదు. వెంటనే సరైన వైద్యం అందకపోతే అక్కడ మచ్చపడి వెంట్రుకలు ఇక ఎన్నటికీ రాకపోవచ్చు. ఆడపిల్ల విషయంలో అది ఎంత బాధో చెప్పనక్కరలేదు.

రిజిస్టరులో ఖాళీ

రాయలసీమ వైపు ఒక సంఘానికి తనిఖీకి వెళ్లినప్పుడు, పాల రిజిస్టరులో ఒక సభ్యురాలి నంబరుకు ఎదురుగా 11 రోజులు, రెండు పూటలా ఖాళీ కనబడింది. అంతకు ముందు ఏడాదంతా ఒక్క పూట తప్పకుండా పూటకు 4 లీటర్లకు తగ్గకుండా పోసిన మనిషి ఆమె. గేదె వట్టిపోయిందా అని కార్యదర్శిని అడిగాము.

"లేదు సార్, వాళ్ల పాపకు నెత్తిన రోగం. ఆమె పాలు క్యానులో కలిపితే మేము పోయమని నలుగురు గట్టిగా పట్టుబట్టినారు. నేనేం చేసేది?" అన్నాడు.

సభ్యురాలిని పిలిపించాము. ఆమె ఏడవలేదు, గొడవ పడలేదు. "పాలల్లో ఏముండాదో మిషను చెప్తాది గదా సార్, మా బిడ్డ తల చూసి చెప్పాల్నా?" అని ఒక్క మాట అడిగింది.

అడగవలసిన మాటే అడిగింది. లెక్క వేస్తే 88 లీటర్ల పాలు ఆమె హోటలుకు తక్కువ ధరకు పోసుకోవలసి వచ్చింది. నష్టం అంతటితో పోదు. ఏడాది చివర బోనసు సంఘానికి పోసిన పాలను బట్టి వస్తుంది. చాలా సంఘాల ఉపనిబంధనలలో సంవత్సరానికి ఇన్ని రోజులు పాలు పోసినవారికే ఓటు అనే నియమం ఉన్నది. నాలుగు నోళ్లకు భయపడి ఒక సభ్యురాలి పాలు ఆపితే, ఆమె హక్కునే ఆపినట్లు అవుతుంది.

పాలను తిరస్కరించడానికి సంఘానికి అధికారం లేదని మేము అనడం లేదు. పులిసిన పాలు, నీళ్లు కలిపినవి, జున్నుపాలు, పొదుగువాపు ఉన్న పశువు పాలు, సూదిమందు వేసిన పశువు పాలు గడువు తీరకముందు తెచ్చినవి తిరస్కరించవచ్చు, తిరస్కరించాలి కూడా. పాలు పితికేవారి చేతుల మీద పుండ్లు గాని, రసి కారే మచ్చలు గాని ఉంటే, అవి మానేవరకు ఇంట్లో మరొకరు పితకాలని చెప్పడం సంఘం బాధ్యత. అయితే తామర పాలు త్రాగడం వల్ల వచ్చే వ్యాధి కాదు. అది చర్మానికి చర్మం, వెంట్రుక, గుడ్డ, దువ్వెన తగిలి వచ్చేది. పితికే చేయి శుభ్రంగా ఉన్నప్పుడు, ఇంట్లో పాప తలలో మచ్చ ఉన్నదని పాలు ఆపడానికి ఏ నిబంధనలోనూ చోటు లేదు. పాలకవర్గం ఆ సాయంత్రమే కూర్చుని ఆ విధంగా తీర్మానం వ్రాసింది. ఆ పూట పాలు కొలతకు వచ్చినప్పుడు వెన్న శాతం ఎప్పటిలాగే వచ్చింది.

పాప సంగతి చెప్పాలి. మొదట గురివింద పట్టించారు. తరువాత మందుల షాపులో అడిగి తెచ్చిన ట్యూబు మూడు వారాలు పూశారు. పూసిన రెండు రోజులలో ఎరుపు తగ్గింది, వారానికి మచ్చ రెండింతలైంది. ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవైద్యుడు మచ్చను గీకి, ఆ పొట్టు మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూసి, "ఇంట్లో పిల్లి ఉందా?" అని అడిగేవరకు, గడ్డివామిలో దొరికిన కూన మాట ఎవరికీ తట్టలేదు. ఆ కూన ప్రతి రాత్రి పాప ప్రక్కన నులక మంచం మీద పడుకునేది. తమ్ముడి మోచేతి మీద ఉన్న రెండు ఉంగరాలు కూడా అప్పుడే బయటపడ్డాయి.

ట్యూబులు, మాత్రలు

ఇక్కడ కొంత నిలిచి చెప్పవలసి ఉన్నది. మందుల షాపులలో దొరికే కొన్ని ట్యూబులలో బూజును చంపే మందుతో పాటు స్టెరాయిడ్ కూడా కలిసి ఉంటుంది. స్టెరాయిడ్ దురదను, ఎరుపును వెంటనే అణుస్తుంది. అదే సమయంలో బూజుతో పోరాడే చర్మం శక్తిని కూడా అణుస్తుంది. మనిషికి హాయి, బూజుకు పండుగ. కొన్నాళ్లకు మచ్చ తన ఉంగరం రూపు పోగొట్టుకుని వైద్యునికి కూడా గుర్తుపట్టరానంతగా మారిపోతుంది, చర్మం పలచబడుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పైపూత మందులను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని ఉత్తర్వు ఇచ్చింది. అయినా అడిగేవారు ఉన్నంతకాలం అమ్మేవారు ఉంటారు. ఫలానా ట్యూబుతో మా బావమరిదికి తగ్గింది అనే మాట నమ్మి చర్మం పాడుచేసుకోవద్దు.

ఒంటి మీద ఒకటి రెండు మచ్చలుంటే క్లోట్రిమజోల్, మైకోనజోల్, టెర్బినఫిన్ వంటి, స్టెరాయిడ్ కలవని పైపూత మందు చాలవచ్చు. మచ్చ మీదనే కాక దాని చుట్టూ రెండు వేళ్ల వెడల్పున పూయాలి. మచ్చ మాయమైన తరువాత కూడా వైద్యుడు చెప్పినన్ని రోజులు, సాధారణంగా మరి రెండు వారాలు, కొనసాగించాలి. కంటికి కనబడకపోయినంత మాత్రాన బూజు పోయినట్లు కాదు. కలుపు పైన కోసి వేరు వదిలితే ఏమవుతుందో రైతుకు మేము చెప్పాలా?

తలతామరకు పైపూత చాలదు. బూజు వెంట్రుక కుదురులోకి దిగి ఉంటుంది, అక్కడికి ట్యూబు మందు చేరదు. మెట్టతామర ఆకు పసరు అనే మన పాత వైద్యంలో బూజును అణిచే గుణం కొంత ఉన్న మాట నిజమే, ఆ చెట్టుకు పేరు కూడా ఈ వ్యాధి వల్లనే వచ్చింది. అయితే అది కూడా పైనే ఆగిపోతుంది. లోపలికి మాత్ర వేయవలసిందే. పిల్లి నుండి వచ్చిన రకానికి గ్రైసియోఫుల్విన్ అనే పాత మందు ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. ఆరు నుండి ఎనిమిది వారాలు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువ కాలం వాడవలసి వస్తుంది. మన సభ్యులకు నచ్చే సంగతి ఒకటున్నది: ఈ మందు కొవ్వు ఉన్న ఆహారంతో కలిస్తేనే ఒంటికి బాగా పడుతుంది. అందుచేత వెన్న తీయని చిక్కటి పాలతో వేసుకోమని వైద్యులే చెబుతారు. పాలన్నీ సంఘానికి పోసి పిల్లలకు టీ నీళ్లు ఇచ్చే ఇళ్లు మాకు తెలుసు. కనీసం ఈ రెండు నెలలు పాపకు పూటకొక గ్లాసు మిగల్చండి. గర్భిణీ స్త్రీలు ఈ మందు వాడకూడదు. మధుమేహం ఉన్నవారు, ఇతర జబ్బులకు స్టెరాయిడ్ మాత్రలు వాడేవారు తమ సంగతి వైద్యునికి ముందే చెప్పాలి.

ఈ మాత్ర విలువ తెలియాలంటే అది రాకముందు ఏమి చేసేవారో తెలియాలి. తలతామర ఉన్న పిల్లల తలకు ఎక్స్‌రే కిరణాలు పట్టించి వెంట్రుకలన్నీ రాలిపోయేలా చేసేవారు. 1948 తరువాత ఇజ్రాయెల్ దేశానికి వలస వచ్చిన కుటుంబాలలోని పిల్లలకు వేల సంఖ్యలో ఈ వైద్యం జరిగింది. వారు పెద్దవారైన తరువాత మెదడులో గడ్డలు, థైరాయిడ్ క్యాన్సరు ఇతరులకంటె ఎక్కువగా వస్తున్నట్లు బరూఖ్ మోదన్ బృందం 1974లో వెల్లడించింది. 1994లో ఆ దేశం వారికి పరిహారం ఇవ్వడానికి చట్టమే చేయవలసి వచ్చింది. గ్రైసియోఫుల్విన్‌ను 1939లోనే ఇంగ్లండులో ఒక బూజు నుండే వేరుచేశారు. ముల్లును ముల్లుతోనే తీయడం అన్నమాట. కాని నోటి ద్వారా ఇస్తే తామర తగ్గుతుందని 1958లో గ్లాస్గోలో జెంటిల్స్ అనే శాస్త్రజ్ఞుడు గినీ పందుల మీద చూపేవరకు అది పిల్లలకు ఉపయోగపడలేదు. ఆ ఎక్స్‌రేలు ఆగిపోయింది దానితోనే.

వైద్యం మొదలుపెట్టిన పిల్లను బడి మాన్పించనవసరం లేదు. దువ్వెన, తువ్వాలు, రిబ్బన్లు, తలగడ వేరుగా ఉంచితే సరిపోతుంది. గుండు కొట్టించవలసిన పని కూడా లేదు.

పిల్లిని ఏమి చేయాలి

పొరుగూరి చెరువు గట్టున వదిలి రమ్మనే సలహాదారులు ప్రతి వీధిలో ఉంటారు. అలా చేస్తే వ్యాధి పొరుగూరికి వెళ్లడమే గాక, మన ఇంట రాలిన బొచ్చు మన ఇంటనే ఉంటుంది. పిల్లి వెళ్లిపోయిన తరువాత కూడా నెలల తరబడి తామర రావడానికి అదే కారణం. పెంచిన జంతువును దిక్కులేకుండా వదిలివేయడం, హింసించి చంపడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. పిల్లిని చంపితే బంగారు పిల్లిని దానమివ్వాలని మన పెద్దలు ఊరకే అనలేదు. ధాన్యం ఇంట పిల్లి లేకపోతే ఎలుకలు ఏమి చేస్తాయో వారికి తెలుసు.

పిల్లిని ఒక గదిలోనో, గంప కిందనో, సులభంగా కడగగలిగే చోట ఉంచి పశువైద్యశాలకు తీసుకువెళ్లాలి. పిల్లులకు లోపలికి ఇచ్చే మందుగా ఇట్రాకొనజోల్ ఎక్కువగా వాడతారు. పైన వారానికి రెండుసార్లు సున్నం, గంధకం కలిపిన ద్రావణంతో తడుపుతారు. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది గాని బాగా పనిచేస్తుంది. మోతాదు పశువైద్యుడే చెప్పాలి. మనుషుల మాత్రను విరిచి వేయడం, ఫినైలు, డెట్టాలు నీళ్లలో ముంచడం చేయరాదు. పిల్లి తన ఒంటిని తానే నాకుతుంది, ఆ మందులు దానికి విషం. ఇంట్లో ఎన్ని పిల్లులుంటే అన్నింటికీ, మచ్చ ఉన్నా లేకపోయినా, పరీక్ష చేయించాలి. ఏ మందూ వేయకపోయినా చాలా పిల్లులకు కొన్ని నెలలలో తామర తనంతట తానే తగ్గిపోతుంది. ఈలోగా అది ఇల్లంతా విత్తనం చల్లుతుంది. మందు వేయడం ఆ చల్లడాన్ని ఆపడానికే.

ఇల్లు, దొడ్డి

చాలామంది ఇక్కడే విడిచిపెడతారు. మందు కొనడానికి డబ్బు ఇస్తారు గాని, చీపురు పట్టడానికి ఓపిక చూపరు. మొట్టమొదటి పని బొచ్చు తీసివేయడం. బొచ్చు ఉండగా దాని మీద ఎంత మందునీళ్లు చల్లినా లాభం లేదు. పొడి చీపురుతో దుమ్ము లేపకుండా తడిగుడ్డతో తుడవాలి. తీసిన బొచ్చును పెంటకుప్పలో వేయక కాల్చివేయాలి.

నులక మంచం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. నులక అల్లికలలో చిక్కిన వెంట్రుకలు ఏ గుడ్డతో తుడిచినా రావు. పాత నులకైతే విప్పి కాల్చి, కొత్త నులక అల్లించుకోవడమే చౌక. నవారు అయితే ఊడదీసి సబ్బునీటిలో నానబెట్టి ఉతకవచ్చు. దుప్పట్లు, బొంతలు, తలగడ గలీబులు విడిగా రెండుసార్లు బాగా ఉతికి మంచి ఎండలో ఆరవేయాలి. పిల్లి పడుకునే గోనెసంచి ఉతకడానికి ప్రయత్నించవద్దు, కాల్చివేయండి.

గచ్చునేల అయితే సబ్బునీటితో కడిగిన తరువాత, లీటరు నీటికి ఒక చిన్న చెంచా, అంటే సుమారు 5 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడరు కలిపి, తేరిన నీటితో తడిపి పది నిమిషాలు ఉంచి మళ్లీ కడగాలి. ఈ నీటిలో యాసిడ్ గాని వేరే ఏ మందు గాని కలపకూడదు, విషవాయువు వస్తుంది. పిల్లి, పిల్లలు ఆ సమయంలో బయట ఉండాలి. మట్టినేల అయితే పై పొర పలుచగా గీకి ఎత్తి, కొత్త మట్టి వేసి అలుక్కోవాలి. ఈ శుభ్రత ఒకసారి చేసి ఊరుకోకుండా, పిల్లికి మందు సాగినంతకాలం వారానికి రెండుసార్లు చేయాలి.

దూడల మాట కూడా చెప్పి ముగిస్తాము. కళ్ల చుట్టూ, చెవుల దగ్గర, మెడ మీద బూడిదరంగు గట్టి చెక్కులు కట్టిన దూడను చూసి, ఇది పిల్లి తెచ్చినదని అనుకోవద్దు. దూడల తామర బూజు వేరని ముందే చెప్పాము. అయితే అది కూడా మనిషికి అంటుతుంది, దూడను పట్టుకునే చేతుల మీద, పశువుకు తల ఆనించి పితికేవారి మెడ మీద వస్తుంది. చీకటి, చెమ్మ, ఇరుకు ఉన్న కొట్టంలో, చలికాలంలో ఎక్కువ. మచ్చ ఉన్న దూడను వేరుగా ఎండ తగిలే చోట కట్టి, పశువైద్యుని మందు వాడితే చాలు. రెండు నుండి నాలుగు నెలలలో చాలా దూడలు కోలుకుంటాయి. వాడేసిన ఇంజను ఆయిలు పూసే అలవాటు మానాలి. దూడ దానిని నాకుతుంది, చర్మం కాలుతుంది. సోవియట్ యూనియన్‌లో తయారైన టీకాను నార్వే దేశంలో 1980 ప్రాంతం నుండి దూడలకు వేసి ఈ వ్యాధిని చాలావరకు అదుపు చేశారు.

సంఘం కార్యదర్శులకు ఒక మనవి. పాల సేకరణ కేంద్రంలో వడగట్టే గుడ్డలు, చేతులు తుడుచుకునే తువ్వాలు కిటికీ మీద ఆరవేసి వెళ్లిపోతే, రాత్రి పిల్లి వాటి మీదనే పడుకుంటుంది. వాటిని ఉతికి ఎండలో ఆరవేసి, మూత ఉన్న డబ్బాలో పెట్టాలి. ఖాళీ క్యాన్లు మూతలు వేసి బోర్లించాలి. దాణా బస్తాలు నేల మీద కాక చెక్కల మీద పేర్చి, పైన కప్పాలి. కిటికీకి జాలీ లేని కేంద్రాలు ఇంకా కొన్ని ఉన్నాయి. ఈ తడవ తనిఖీలో ఆ ఖర్చు సంఘం నిధుల నుండి పెట్టుకోవడానికి తీర్మానం వ్రాసి ఉంచితే, మేము అభ్యంతరం చెప్పము.